రోమియో అండ్ జూలియట్ కొటేషన్లు: అర్థం రాసేశాక ఇంకేం రాయాలి?

నీలిసిరా:

నమస్కారం అందరికీ. వచ్చే నెల నాకు సాహిత్యం పరీక్ష ఉంది, అందులో షేక్‌స్పియర్ నాటకం రోమియో అండ్ జూలియట్ (పగపట్టిన రెండు కుటుంబాల పిల్లల ప్రేమకథ) నుంచి కొన్ని మాటలు ఇచ్చి విశ్లేషించమంటారు. నాటకం మొత్తం చదివాను, ఎవరు ఎప్పుడు ఎందుకు చనిపోతారో తెలుసు, ముఖ్యమైన కొటేషన్లు కంఠతా వచ్చు. సమస్య అక్కడ కాదు, కొటేషన్ కింద రాయాల్సిన పేరా దగ్గర పెన్ను ఆగిపోతోంది.

ఉదాహరణకి రెండో అంకం చివర్లో, వీళ్ళకి రహస్యంగా పెళ్ళి చేసే క్రైస్తవ సన్యాసి ఫ్రయర్ లారెన్స్ అనే మాట తీసుకోండి. ఇంత ఉద్ధృతమైన ఆనందాలకు అంతం కూడా ఉద్ధృతంగానే ఉంటుంది, నిప్పూ తుపాకిమందూ ముద్దు పెట్టుకున్న క్షణంలోనే రెండూ మాడి మసైనట్టు ఇవి గెలిచిన క్షణంలోనే చచ్చిపోతాయి అంటాడు కదా. దీని గురించి నేను రాసేది ఏంటంటే, "తొందరపాటు ప్రేమ విషాదంతో ముగుస్తుందని కవి ముందే సూచిస్తున్నాడు, ఇక్కడ ఉపమాలంకారం ఉంది." అంతే, రెండు ముక్కలు. మా టీచర్ ప్రతిసారీ మార్జిన్‌లో "ఇది అర్థం, విశ్లేషణ కాదు" అని రాస్తున్నారు. గైడ్లు తెరిస్తే వాటిలోనూ రూపకం, విరోధాభాస, ముందస్తు సూచన అని పేర్లు పెట్టి వదిలేస్తున్నారు. పేరు పెడితే విశ్లేషణ అయిపోయినట్టేనా? ఇంకా ఏం చూడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? దయచేసి ఒకటి రెండు కొటేషన్లు తీసుకుని చేసి చూపించగలరా? పరీక్ష అనే టెన్షన్ ఒకవైపు ఉన్నా, నాటకం నిజంగా నచ్చింది, అందుకే ఇంత పేలవంగా రాయడం బాధగా ఉంది.

మూడోగంట:

నేను నాటకాలు ఆడించే పనిలో ఉన్నాను, అందుకని నటులకి చెప్పేదే మీకూ చెప్తాను. ఏ మాటైనా చేతికొస్తే ముందు దాని అర్థం జోలికి పోకండి. ఎవరు అంటున్నారు, ఎవరితో, దానికి ముందు ఏం విని అంటున్నారు, అన్నాక ఏం చేస్తున్నారు, ఇవి చూడండి. ఈ నాటకంలో నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే ఇక్కడ హెచ్చరించేవాళ్ళే, ఆ హెచ్చరిక నోట్లో ఉండగానే, దానికి విరుద్ధమైన పని చేస్తారు. ఒక్కరు కాదు, దాదాపు అందరూ. నా దృష్టిలో నాటకం నడిచేదే దాని మీద.

మీరు చెప్పిన ఫ్రయర్ మాటే చూద్దాం. దానికి ముందు రోమియో ఏమన్నాడు? ప్రేమను మింగేసే మృత్యువు ఏం చేసుకుంటే అది చేసుకోనీ, ఆమెని నాదని పిలుచుకుంటే నాకు చాలు అన్నాడు. అది విని ఫ్రయర్ జడుసుకున్నాడు, కాబట్టి ఇది తీరిగ్గా చెప్పిన సూక్తి కాదు, పెళ్ళి రోజు పెళ్ళికొడుకు నోట చావు మాట విన్న పెద్దాయన కంగారు. తర్వాత "అందుకే మితంగా ప్రేమించు" అంటాడు. ఆ తర్వాత? జూలియట్ పరుగున వస్తుంది, వీళ్ళిద్దరినీ ఒంటరిగా వదలడం మంచిది కాదని అప్పటికప్పుడు తీసుకెళ్ళి పెళ్ళి చేసేస్తాడు. నిప్పు, తుపాకిమందు అన్న ఆయనే ఆ రెండింటినీ తెచ్చి కలిపాడు. ఇది రాశారనుకోండి, మీ పేరా అర్థం దాటి విశ్లేషణలోకి వచ్చేసినట్టే.

ఇంకో మెట్టు కూడా ఉంది. ఆ పోలిక అక్కడితో ఆగిపోదు. మూడో అంకంలో, జూలియట్ బంధువు టిబాల్ట్‌ని చంపి దేశబహిష్కారం పడ్డాక రోమియో నేల మీద పడి ఏడుస్తూ కత్తితో పొడుచుకోబోతే, ఇదే ఫ్రయర్ అతన్ని తిడుతూ నీ తెలివి, పనితనం లేని సైనికుడి దగ్గర ఉన్న మందులా నీ అజ్ఞానంతోనే అంటుకుంటోంది అంటాడు. అయిదో అంకంలో, బహిష్కారంలో ఉంటున్న మాంట్యువా ఊళ్ళో రోమియో విషం కొంటున్నప్పుడు, ఫిరంగి కడుపులోంచి తుపాకిమందు ఎంత వేగంగా బయటికి దూసుకొస్తుందో అంత వేగంగా ప్రాణం పోవాలి, అలాంటిది ఇవ్వు అని అడుగుతాడు. చూశారా, ఫ్రయర్ హెచ్చరికగా వాడిన వస్తువు రోమియో నోట్లోకి కోరికగా వచ్చి చేరింది. ఇక ముద్దు పెట్టుకున్న క్షణంలోనే మసైపోవడం అన్న మాట సమాధిలో అక్షరాలా జరుగుతుంది. రోమియో ఆఖరి మాటే ముద్దుతో చనిపోతున్నానని. జూలియట్ కూడా అతని పెదవుల మీద విషం ఏమైనా మిగిలిందేమోనని ముద్దు పెట్టుకుని చూస్తుంది, పెదవులు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఒక కొటేషన్ నుంచి నాటకంలో మూడు చోట్లకి దారి దొరికింది. దాన్ని ముందస్తు సూచన అనే ఒక్క పేరుతో కట్టేస్తే ఇదంతా పోతుంది.

ఇంకా ముందుకెళ్తే, రెండో అంకం మూడో రంగంలో ఇదే ఫ్రయర్ "నిదానంగా, తెలివిగా, వేగంగా పరిగెత్తేవాళ్ళు తట్టుకుని పడతారు" అంటాడు. పెళ్ళి చేయిస్తానని ఒప్పుకున్న రంగంలోనే, అదీ ఆ రోజే. చివరికి సమాధుల మధ్య రాత్రి పూట పరిగెత్తుకొస్తూ, ఈ ముసలి కాళ్ళు ఎన్నిసార్లు తట్టుకున్నాయో అనుకునేది కూడా ఆయనే. వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఈ రెండు చోట్లూ పక్కపక్కన పెట్టి రాయండి, చదివే పరీక్షకుడు లేచి కూర్చుంటాడు.

చివరిబెంచి:

మూడోగంట గారు చెప్పింది జూలియట్‌కి కూడా సరిపోతుంది, అది చాలామంది వదిలేస్తారు. బాల్కనీ రంగం అనగానే అందరూ రోమియో వైపు నుంచే రాస్తారు, తూర్పు దిక్కు, జూలియట్ సూర్యుడు, అసూయ చందమామ, అవీ ఇవీ. ఆ రంగంలో లెక్కగా ఆలోచించేది జూలియట్. నువ్వు నాకు సంతోషమే గానీ ఈ రాత్రి ఒప్పందంలో నాకు సంతోషం లేదు, ఇది మరీ దుడుకుగా ఉంది, మరీ ఆలోచన లేకుండా ఉంది, మరీ హఠాత్తుగా ఉంది, మెరిసింది అనేలోపే మాయమయ్యే మెరుపులా ఉంది అంటుంది. "మరీ" అనేది ఎన్నిసార్లు వస్తుందో చూడండి, ఊపిరి అందకుండా మాట్లాడుతోంది, నిదానించమని చెప్పే వాక్యమే పరిగెడుతోంది. ఆ తర్వాత అదే రంగంలో, నీ ఉద్దేశం పెళ్ళే అయితే రేపు కబురు పంపు అని పెళ్ళి మాట ఎత్తేది కూడా తనే.

దీన్ని చాలామంది చపలత్వం అని రాస్తారు. నేను ఒప్పుకోను. జూలియట్‌కి ఇంకా పద్నాలుగు నిండలేదు, ఇంట్లో ప్యారిస్ అనే పెద్దింటి అబ్బాయితో సంబంధం మాట మొదలైంది, కింద నిలబడ్డ అబ్బాయిని తన వాళ్ళు చూస్తే చంపేస్తారు. నిదానం అనేది ఆమెకి అందుబాటులో లేని వస్తువు. ఆ ఒత్తిడి గురించి రాయకుండా "తొందరపాటు" అని మార్కు వేసేయడం ఆ అమ్మాయికి అన్యాయం.

అదే రంగంలో చంద్రుడి మీద ఒట్టేస్తానంటాడు రోమియో, నెల నెలా మారిపోయే చంద్రుడి మీద వద్దంటుంది జూలియట్. అతని మాట అలంకారం, ఆమె మాట హామీ అడగడం. పేరులో ఏముంది, గులాబీని ఇంకే పేరుతో పిలిచినా అంతే పరిమళం అనే ప్రసిద్ధమైన మాట కూడా అలాంటిదే. దాన్ని గ్రీటింగ్ కార్డు మీద చూసి చూసి ప్రేమ గురించిన తియ్యని మాట అనుకుంటాం గానీ, అక్కడ ఆమె ఒంటరిగా ఒక చిక్కుముడి విప్పుకోవాలని చూస్తోంది, మనిషి వేరు, ఇంటిపేరు వేరు అని వాదించుకుంటోంది. ఆ వాదన ఎంత బాగున్నా కథ జరిగే వెరోనా ఊరి వీధుల్లో అది చెల్లదు, ఆ మర్నాడే టిబాల్ట్ చనిపోతాడు, ఆ పేరు వల్లే.

నదిమలుపు:

ఇద్దరూ బాగా రాశారు కానీ ఒక అభ్యంతరం. ఇలా ప్రతి మాటనీ "చెప్పిందొకటి చేసిందొకటి" అని చదువుతూ పోతే చివరికి నాటకం మొత్తం తొందరపడకూడదు అనే పాఠంగా తయారవుతుంది. మరి విధి సంగతేంటి? మొదటి పద్నాలుగు లైన్లలోనే కోరస్ (కథ పరిచయం చేసే పాత్ర) వచ్చి గ్రహాలు కలవని ప్రేమికులని చెప్పేస్తాడు, చనిపోతారని కూడా చెప్పేస్తాడు. ప్రేక్షకుడికి ముగింపు తెలిసిపోయాక తొందర, నిదానం అనే వాటికి తేడా ఏముంది? జూలియట్ చనిపోలేదు, మత్తు మందుతో అలా పడి ఉందని రోమియోకి చెప్పే ఉత్తరం తీసుకుని జాన్ అనే ఇంకో ఫ్రయర్ మాంట్యువా బయల్దేరితే ప్లేగు అనుమానంతో అతన్ని ఒక ఇంట్లో పెట్టి తలుపులు మూసేశారు, దాంతో ఉత్తరం చేరలేదు. అందులో ఎవరి తొందరపాటు ఉంది?

మూడోగంట:

అభ్యంతరం సరైనదే, దాన్ని పక్కకి నెట్టకూడదు. నా సమాధానం ఇది. కోరస్ మాటలు పూర్తిగా చదవండి. నక్షత్రాలతో పాటు తల్లిదండ్రుల పగ గురించి కూడా చెప్తాడు, పిల్లల చావు తప్ప ఇంకేదీ ఆ పగని తీసేయలేకపోయిందని. అంటే ఆ మొదటి సానెట్‌లోనే (పద్నాలుగు లైన్ల పద్యంలోనే) రెండు కారణాలూ పక్కపక్కన ఉన్నాయి. పరీక్షలో మీరు ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన అవసరం లేదు. ఆ రెండింటి మధ్య పాత్రలు ఎలా ఊగుతున్నాయో చూపిస్తే చాలు.

దానికి రోమియో మాటల్నే వరసగా పెట్టి చూడండి. మొదటి అంకంలో విందుకి వెళ్ళే ముందు, నక్షత్రాల్లో వేలాడుతున్నదేదో ఈ రాత్రితో మొదలై అకాల మరణంతో ముగుస్తుందని మనసు శంకిస్తోంది అంటాడు. వెంటనే నా పడవని నడిపేవాడే తెరచాప చూసుకుంటాడులే అని చెప్పి లోపలికి వెళ్తాడు. అనుమానం వచ్చింది, అయినా వెళ్ళాడు. మూడో అంకంలో టిబాల్ట్ మీదికి దూకే ముందు, ఇక నిప్పులు కక్కే కోపమే నాకు దారి చూపాలి అంటాడు. అది తన ఎంపిక, తన నోటితో చెప్పాడు. టిబాల్ట్ కూలిపోయాక? అయ్యో, నేను విధి చేతిలో వెర్రివాణ్ణి అంటాడు. ఆ రెండు మాటల మధ్య కొన్ని లైన్లే ఉన్నాయి. విధి అనే మాట రోమియో ఎప్పుడు వాడతాడో గమనించండి, పని అయిపోయాక.

అయిదో అంకంలో జూలియట్ చనిపోయిందన్న వార్త వినగానే, నక్షత్రాలారా, మిమ్మల్ని ధిక్కరిస్తున్నాను అంటాడు. నాటకంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇది. ఎందుకంటే ధిక్కరించడానికి అతను చేసే పని, ఆ రాత్రే విషం కొనుక్కుని వెరోనాకి బయల్దేరడం, కోరస్ చెప్పిన ముగింపుని చేతులారా పూర్తి చేస్తుంది. ఫ్రయర్ దగ్గరనుంచి ఉత్తరాలేమీ లేవా అని నౌకర్ని అడుగుతాడు కూడా. లేవంటే, సరే పర్వాలేదు అని బయల్దేరతాడు. ఆగి ఉంటే? జూలియట్ లేచేది అతను చనిపోయిన కాసేపటికే. ప్లేగు అనుమానం ఎవరి తప్పూ కాదు, ఒప్పుకుంటాను, కానీ ఉత్తరం చేరకపోవడం అంత ఘోరమైంది ఎవరూ ఆగలేని చోట కాబట్టే.

ఇంకో విషయం. ఈ కథ షేక్‌స్పియర్ సొంతంగా అల్లింది కాదు, 1562లో ఆర్థర్ బ్రూక్ రాసిన పొడవాటి ఇంగ్లీషు పద్యం నుంచి తీసుకున్నాడు. అందులో ప్రేమ వ్యవహారం నెలల తరబడి సాగుతుంది. షేక్‌స్పియర్ దాన్ని ఆదివారం పొద్దున మొదలుపెట్టి వారం తిరక్కుండా ముగించేశాడు. కథలో నక్షత్రాల్ని అలాగే ఉంచి గడియారాన్ని మాత్రం బిగించాడు. వేగం అనేది అతను కావాలని తెచ్చిన మార్పు కాబట్టి దాని గురించి మాట్లాడటం పాఠం చెప్పడం కాదు, నాటకం ఎలా కట్టాడో చెప్పడం.

నదిమలుపు:

ఇది బాగుంది. "విధి అనే మాట పని అయిపోయాక వస్తుంది" అన్నది రోమియోకి సరిపోతుంది, కోరస్‌కి సరిపోదు, అంతవరకు నా మాట మీద ఉంటాను. ఫ్రయర్ కూడా సమాధిలో జూలియట్‌తో, మనం ఎదిరించలేని పెద్ద శక్తి ఏదో మన ఆలోచనల్ని అడ్డుకుంది అంటాడు. తనే వేసిన పథకం బెడిసికొట్టిన నిమిషంలో ఆ మాట అనడం మీ వైపే సాక్ష్యం అనుకోండి. ఆ తర్వాత కాపలావాళ్ళ చప్పుడు విని, ఇక ఆగే ధైర్యం లేదని జూలియట్‌ని అక్కడ వదిలేసి వెళ్ళిపోతాడు. ఈ ఒక్క అడుగు గురించి ఎంత రాసినా తక్కువే.

రాత్రిచదువు:

జూలియట్ తండ్రి క్యాపులెట్ గురించి ఎవరూ ఎత్తలేదు, అందుకని నేను రాస్తున్నా. పరీక్షలో ఆయన మాటలు తరచూ ఇస్తారు, అవి రాయడానికి చాలా అనువుగా ఉంటాయి కూడా. మొదటి అంకంలో ప్యారిస్ పెళ్ళి అడిగితే, ఇంకా పద్నాలుగు నిండలేదు, ఇంకో రెండు వేసవులు గడవనీ అంటాడు. ఆమె కన్నా చిన్నవాళ్ళు హాయిగా తల్లులయ్యారు అని ప్యారిస్ అంటే, అంత త్వరగా అయినవాళ్ళు అంత త్వరగానే పాడైపోతారు అని జవాబిస్తాడు. నా ఇష్టం ఆమె సమ్మతిలో ఒక భాగం మాత్రమే, ముందు ఆమె మనసు గెలుచుకో అంటాడు. ఎంత మంచి తండ్రి అనిపిస్తుంది.

మూడో అంకానికి వచ్చేసరికి అదే మనిషి, అదే వారంలో, సోమవారం రాత్రి కూర్చుని బుధవారం పెళ్ళి అనబోయి, మరీ త్వరగా అవుతుందేమో గురువారం పెడదాం అంటాడు. ఆమె అన్ని విషయాల్లో నా మాట వింటుంది, సందేహమే లేదు అంటాడు. ఆమెని అడగలేదు. అడిగే అవసరం కనపడలేదు. జూలియట్ కాదనేసరికి, నువ్వు నాదానివైతే నా స్నేహితుడికి ఇస్తాను, కాకపోతే ఉరేసుకో, అడుక్కో, ఆకలితో మాడు, వీధుల్లో చావు అంటాడు. మొదటి అంకంలో సమ్మతి, మూడో అంకంలో సొంత వస్తువు. ఈ రెండు మాటలూ ఒకే పేరాలో పెడితే అందులోనే మొత్తం కుటుంబం కనపడుతుంది. మారిపోయాడా, లేక మొదటి మాట అవసరం రానంతవరకే చెల్లేదా అనేది మీరు తేల్చి రాయండి. నేనైతే రెండోదే అంటాను. ఆ తర్వాత జూలియట్ తలవంచినట్టు నటిస్తే సంబరపడి పెళ్ళిని మళ్ళీ బుధవారానికే జరుపుతాడు, దాంతో ఫ్రయర్ లెక్క మొత్తం తారుమారవుతుంది. నలభై రెండు గంటల మత్తు మందు, దానికి ముందే ఒక రోజు కొట్టుకుపోయింది.

పెళ్ళి, సమాధి కలిపి చెప్పే మాటల్ని కూడా ఒక దారంలా పట్టుకోండి. మొదటి అంకంలో జూలియట్, రోమియో ఎవరో తెలియక ముందే, అతనికి పెళ్ళైపోయి ఉంటే నా సమాధే నా పెళ్ళి పడక అంటుంది. మూడో అంకంలో తల్లి విసుగుతో, ఈ మొద్దు తన సమాధిని పెళ్ళాడితే బాగుండు అంటుంది. ఆ తల్లి ఆ మాట తేలిగ్గా అనేసింది, ఇంట్లో కోపంలో అనే మాటలు ఎలా ఉంటాయో అలా. నాలుగో అంకంలో తండ్రి, మృత్యువే నా అల్లుడు, మృత్యువే నా వారసుడు అని ఏడుస్తాడు. సమాధిలో రోమియో, సన్నటి మృత్యువు నిన్ను ప్రేమించి ఇక్కడ చీకట్లో దాచుకున్నాడా అని అడుగుతాడు. నాలుగు నోళ్ళు, ఒకే బొమ్మ. విడిగా రాస్తే ప్రతిదీ ఒక లైన్, కలిపి రాస్తే వ్యాసం.

నీలిసిరా:

మీ అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. రోమియో స్నేహితుడు మెర్క్యూషియో, టిబాల్ట్ చేతిలో చనిపోతూ పెట్టే శాపం మీద ఒక పేరా ప్రయత్నించాను, చూసి చెప్పండి:

"మీ రెండు ఇళ్ళకీ ప్లేగు తగలాలి అని మెర్క్యూషియో చనిపోతూ మళ్ళీ మళ్ళీ అంటాడు. అతను జూలియట్ వైపు క్యాపులెట్ కాదు, రోమియో వైపు మాంటేగ్యూ కూడా కాదు, రాజు బంధువు. తన కోసం కాని పగలో చనిపోతున్నాడు కాబట్టి ఈ శాపంలో పక్షపాతం లేదు. నాటకంలో రెండు కుటుంబాలూ సమానంగా దోషులని మొదటిసారి ఇంత గట్టిగా చెప్పేది ఇతనే. అప్పటిదాకా సరదాగా మాట్లాడిన మనిషి ఇలా మాట్లాడటంతో నాటకం స్వరం మారిపోతుంది."

మూడోగంట:

మంచి పేరా. మార్జిన్‌లో ఎవరూ ఏమీ రాయరు దీనికి. రెండు చోట్ల మాత్రం ఇంకా లోపలికి వెళ్ళొచ్చు.

ఒకటి, "మెర్క్యూషియో శాపంలో పక్షపాతం లేదు" అన్నారు, నిజమే, కానీ అతనికి ఆ గొడవలో భాగం లేదనుకోకండి. టిబాల్ట్ వెతుక్కుంటూ వచ్చింది రోమియో కోసం, రోమియో పోట్లాడనన్నాడు, ఆ మెతకదనం భరించలేక కత్తి దూసింది మెర్క్యూషియోనే. రోమియో మధ్యలోకి దూరితే అతని చెయ్యి కింద నుంచి టిబాల్ట్ పొడిచాడు. మధ్యలో ఎందుకొచ్చావు, నీ చెయ్యి కిందనుంచి నాకు దెబ్బ తగిలింది అంటాడు మెర్క్యూషియో, మంచికే చేశాననుకున్నాను అంటాడు రోమియో. శాంతి కోసం చేసిన పనే చావు తెచ్చింది. ఇది చేరిస్తే మీ పేరాకి బరువొస్తుంది, మళ్ళీ మొదట చెప్పిన విషయానికే వస్తుంది కూడా, మంచి ఉద్దేశానికీ జరిగినదానికీ మధ్య దూరం. సరదా మనిషి అన్నారు కదా, ప్రాణం పోతున్నా సరదా వదల్లేదు, రేపు నా కోసం అడిగితే సమాధిలో కనపడతాను అంటాడు. స్వరం మారడం ఒక్కసారిగా జరగలేదు, ఆ హాస్యం శాపంగా మారుతుండగా మనం చూస్తాం.

రెండు, ప్లేగు. అప్పటి ప్రేక్షకులకి అది ఉత్త తిట్టు కాదు. ఈ నాటకం రాసింది దాదాపు 1595 ప్రాంతంలో, దానికి ముందు 1592 నుంచి 1594 వరకు ప్లేగు వల్ల లండన్‌లో నాటకశాలలు చాలాకాలం మూసేసి ఉన్నాయి. ఆ మాట విన్నవాళ్ళలో ఇంట్లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. పైగా నదిమలుపు గారు చెప్పినట్టు ఆ ఉత్తరం ఆగిపోయింది ప్లేగు భయం వల్లే. మెర్క్యూషియో కోరింది రెండు అంకాల తర్వాత వచ్చి, ఆ ఇళ్ళ పిల్లల మీదే పడింది. ఇది రాయండి.

చివరిబెంచి:

ఒక చిన్న మాట చేరుస్తాను, రూపం గురించి. కొటేషన్ అంటే అర్థమే కాదు, అది ఏ ఆకారంలో ఉందో కూడా చూడాలి. విందులో రోమియో, జూలియట్ మొదటిసారి మాట్లాడుకునే పద్నాలుగు లైన్లు కలిపితే సరిగ్గా ఒక సానెట్ అవుతుంది. మొదటి నాలుగు రోమియో, తర్వాత నాలుగు జూలియట్, ఆ తర్వాతవి ఇద్దరూ పంచుకుంటారు, చివరి రెండు లైన్లు చెరొకటి. అతను చేతిని తాకి నా పెదవులు ఇద్దరు యాత్రికులు అంటే, ఆమె ఆ పోలికనే పట్టుకుని యాత్రికుల అరచేయి అరచేయి కలవడమే ముద్దు అని జవాబిస్తుంది. ఎవరో తెలియని ఇద్దరు ఒక పద్యాన్ని కలిసి పూర్తి చేశారు. మొదటి అంకంలోనే, అంతకుముందు ప్రేమించిన రోజలిన్ గురించి రోమియో తన బంధువు బెన్వోలియోతో సీసపు ఈక, చల్లని నిప్పు, జబ్బు ఆరోగ్యం అని వాపోయినప్పుడు, ఆ మాటల్ని అందుకుని జవాబిచ్చేందుకు రోజలిన్ అక్కడ లేదు. ఆ తేడా చెప్తే ప్రేమ నిజమా కాదా అనే ప్రశ్నకి ఋజువుతో సమాధానం చెప్పినట్టు.

ఆ సానెట్ అవ్వగానే ఇంకోటి మొదలవుతుంది, నాలుగు లైన్లు కాగానే జూలియట్‌ని పెంచిన నర్స్ వచ్చి అమ్మగారు పిలుస్తున్నారంటుంది. రెండోది పూర్తి కాలేదు. పైగా ఆ మొదటి మాటలకి సరిగ్గా ముందు టిబాల్ట్, ఈ చొరబాటు ఇప్పుడు తియ్యగా ఉన్నా చేదు విషమవుతుంది అని పళ్ళు కొరుకుతూ బయటికెళ్ళాడు. ప్రేక్షకుడు ఆ మాట చెవిలో ఉండగానే ప్రేమ వింటాడు.

నీలిసిరా:

ఇది నాకు అసలు తట్టలేదు, చాలా బాగుంది. ఆఖరి ప్రశ్న. ముగింపులో రాజు చెప్పే మాటల మీద కూడా ఇవ్వొచ్చు, జూలియట్, ఆమె రోమియో కథ కన్నా దుఃఖకరమైన కథ లేదు అనేది. అది మరీ ముగింపు వాక్యంలా ఉంది, దానిలో ఏం తవ్వాలి?

మూడోగంట:

ఆ రెండు లైన్ల దగ్గర ఎక్కువసేపు ఉండకండి, దానికి పైన ఉన్న మాట దగ్గర ఉండండి. రాజు రెండు కుటుంబాల పెద్దలనీ పిలిచి, మీ ద్వేషానికి ఎలాంటి కొరడా దెబ్బ పడిందో చూడండి, మీ సంతోషాల్ని ప్రేమతోనే చంపే మార్గం దైవం వెతుక్కుంది అంటాడు. వెంటనే తనని కూడా కలుపుకుంటాడు, మీ తగవుల్ని చూసీచూడనట్టు ఊరుకున్నందుకు నేనూ ఇద్దరు బంధువుల్ని పోగొట్టుకున్నాను, అందరికీ శిక్ష పడింది అని. మొదటి రంగంలో ఇదే రాజు, మళ్ళీ వీధుల్లో గొడవ జరిగితే ప్రాణాలు తీస్తానన్నాడు. మూడో అంకంలో నేరస్తుల్ని క్షమించే దయ హత్యతో సమానం అన్నాడు, అన్నది రోమియోకి మరణశిక్ష బదులు బహిష్కారం వేస్తూ. చెప్పిందొకటి చేసిందొకటి అనే వరసలో నాకు తెలిసి తన నోటితో అది ఒప్పుకున్న పెద్దమనిషి ఆయనొక్కడే. ఫ్రయర్ తప్పు ఉంటే నన్ను శిక్షించండి అంటాడు గానీ ఉంటే అనే మాట వదలడు.

ఆ తర్వాత తండ్రులు చేతులు కలిపి ఏం చేస్తారో చూడండి. జూలియట్‌కి స్వచ్ఛమైన బంగారంతో విగ్రహం పెట్టిస్తానంటాడు మాంటేగ్యూ. దానికి తగ్గకుండా రోమియోకీ పెట్టిస్తానంటాడు క్యాపులెట్, మన పగకి బలైన అభాగ్యులు అంటూ. సంధి కుదిరింది, నిజమే, కానీ ఆ సంధిలో కూడా నీ విగ్రహానికి నా విగ్రహం తీసిపోకూడదు అనే పోటీ వినపడుతుంది. ఇంకా, విషం అమ్మిన పేద మందులవాడికి నలభై డకట్లు (బంగారు నాణేలు) ఇస్తూ రోమియో ఏమన్నాడో గుర్తుందా, ఇదిగో నీ బంగారం, మనుషుల ఆత్మలకి ఇదే అసలు విషం, నువ్వు అమ్మకూడని ఈ మందు కన్నా ఎక్కువ హత్యలు ఇదే చేస్తుంది అని. ఆ మాట అన్నవాడికే బంగారు బొమ్మ చేయిస్తున్నారు, అతని మాటలు విన్నవాళ్ళెవరూ ఆ సభలో లేరు. ముగింపు మీద ప్రశ్న వస్తే ఈ రెండు బంగారాల్నీ ఎదురెదురుగా పెట్టి మొదలుపెట్టండి, రాజు ఆఖరి లైన్ల దాకా మీరే చేరుకుంటారు.